మిర్చికి వేప గింజల కషాయం: సాయంత్రమే ఎందుకు కొట్టాలి

నమస్తే అన్నలూ, అక్కలూ. మన వరంగల్ దిక్కు మిర్చి రైతుల్ని అడిగితే చాలామంది ఒకటే మాట అంటారు, వేప కషాయం కొట్టినం, ఒక్క పురుగూ చావలేదు అని. చావదు మరి. వేప గింజలో ఉండే అజాడిరాక్టిన్ పురుగును అప్పటికప్పుడు చంపే మందు కాదు. అది పడ్డ ఆకు పురుగుకు తినబుద్ధి కాదు, కొంచెం తిన్నా కుబుసం విడిపించే హార్మోన్ దెబ్బతిని ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే గుడ్లు, చిన్న చిన్న లద్దె పురుగులు కనబడగానే కొట్టాలి, బాగా బలిసిన పురుగు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు తయారీ చూడండి. 20 లీటర్ల పంపుకు కిలో వేప పప్పు పొడి. గింజలు నీడలో ఆరినవే కావాలి, బూజు పట్టినవి పక్కన పడేయండి. పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి 2 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లారి మూటను మళ్లీ మళ్లీ పిండండి, నీళ్లు పాలలాగా తెల్లగా వస్తాయి. వడగట్టి, మిగతా నీళ్లు కలిపి 20 లీటర్లు చేసి, 40 గ్రాముల సబ్బు పొడి వేయండి, లేకపోతే ఆకు మీద నిలవదు, జారిపోతుంది. సరిగ్గా వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోయి చేను మధ్యలో నిలబడి తిట్టుకుంటారు, అది మీ ఇష్టం.

ఇక అసలు సంగతి, ఈ అజాడిరాక్టిన్‌కు ఎండ పడదు, వెలుతురుకు విరిగిపోతుంది. పొద్దున పదింటికి కొడితే మధ్యాహ్నం ఎండకే బలం తగ్గడం మొదలవుతుంది, అందుకే పొద్దు వాలినంక కొట్టండి, చేసిన కషాయం ఆ రోజే వాడండి.

ఈ తిప్పలు వేపకు ఒక్కదానికే కాదు. పైన్ కాయల మీద మొలిచే ఒక చిన్న పుట్టగొడుగు, పక్కన వేరే బూజు పెరగకుండా స్ట్రోబిలురిన్ అనే పదార్థం వదులుతుంది. అదీ వెలుతురుకు ఆగదు. దాన్ని ఎండకు తట్టుకునేలా మార్చి చేసిందే మీరు షాపులో కొనే అజాక్సీస్ట్రోబిన్, అంటే తెగులు మందు డబ్బా వెనక కూడా ఒక పుట్టగొడుగే ఉంది.

చెట్టు నుంచి వచ్చిందని దేన్నీ తేలిగ్గా తీసుకోకండి. పొగాకు కషాయంలో నికోటిన్ చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతుంది, వట్టి చేతులతో కలిపితే వాంతులు, తల తిప్పడం ఖాయం. వాకిట్లో బిళ్ళ గన్నేరు ఉంటుంది కదా, బ్లడ్ క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ దాంట్లో నుంచే తీస్తారు, కానీ అది డాక్టర్లు కొలిచి నరానికి ఎక్కించేది, ఎవరో చెప్పారని ఆకులు నమలకండి.

2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసినట్టు మళ్లీ వస్తే మాత్రం వేప ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు, నీలం రంగు జిగురు అట్టలు కట్టండి, వ్యవసాయ అధికారిని చేను దగ్గరికి పిలిచి చూపించండి.