ఫ్లై ఫిషింగ్‌లో విసిరేది ఈగని కాదు, లైన్‌ని

[కెమెరా అరచేతి మీద, బాగా దగ్గరగా]

ఇది చూడండి. దీన్ని ఈగ అంటారు, ఇంగ్లీషులో ఫ్లై. కానీ ఇది ఈగ కాదు, చేపకి ఈగలా కనబడేలా కట్టిన ఎర. గోరులో సగం కూడా లేని గాలం, దాని చుట్టూ నల్లదారం, దారం మీద నెమలి ఈక నుంచి లాగిన ఒక్క పోగు, మెడ దగ్గర నాటుపుంజు ఈక రెండు చుట్లు. అంతే. కాశ్మీర్‌లో గంగాబల్ సరస్సు వీడియో పెట్టినప్పటి నుంచి కామెంట్లలో ఒకటే అడుగుతున్నారు, "అన్నా, ఆ చలిలో ఈగలు యాడ పట్టినావు?" అని. ఇంకొకరైతే "అంత తేలిక ఈగ నలభై అడుగులు ఎట్ల పోతుంది, ఎడిటింగ్ కదా" అన్నారు. ఎడిటింగ్ అన్నందుకు మనసు కష్టపడింది గానీ, అడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచిది. అది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

రాయలచెరువు గట్టు మీద గాలం వేసేవాళ్లని చూసే ఉంటారు. దారానికి సీసం గుండు కడతారు, విసిరితే గుండు ముందు పోతుంది, దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది. బరువు ఈగకి లేదు, గుండూ లేదు. బరువంతా లైన్‌కే, అంటే దారానికే. అందుకే ఆ లైన్ అంత లావుగా, పైన ప్లాస్టిక్ పూతతో ఉంటుంది. నేను వాడే 5 నంబర్ లైన్‌లో మొదటి 30 అడుగులు తూకం వేస్తే దాదాపు 9 గ్రాములు. మనం విసిరేది ఆ 9 గ్రాముల్ని.

చెర్నాకోల గుర్తు తెచ్చుకోండి. మా తాత ఎద్దులబండి తోలేటప్పుడు దాని చివర చిన్న కుచ్చు ఉండేది. ఆ కుచ్చుని ఆయన విసరడు కదా! పిడి కదిలిస్తే తోలు కదులుతుంది, ఆ కదలిక అలలాగా చివరిదాకా పాకుతుంది, కుచ్చు దాని వెంట పోతుంది. మన ఈగ ఆ కుచ్చే.

[రాడ్‌తో చూపిస్తూ]

ఇప్పుడు చెర్నాకోల వెనక్కి తీసినప్పుడు ఏమవుతుందో చూడండి. తోలు వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి, ఆ తర్వాతే ముందుకి. రాడ్, అంటే గాలం కర్ర, అది కూడా అంతే. తలని కాస్త దాటాక టక్కున ఆపేయాలి, లైన్ వెనక విప్పుకుని తిన్నగా అయ్యేదాకా ఊపిరి బిగబట్టి ఆగాలి, అప్పుడు ముందుకి తోసి మళ్లీ టక్కున ఆపాలి. కొత్తవాళ్లందరూ తప్పు చేసేది ఈ ఆగడం దగ్గరే, ఎందుకంటే చేప ముందుంది, మనసు ముందుకే లాగుతుంది. ఒక్క తేడా ఏమిటంటే తాత చెర్నాకోల చెళ్లుమంటే ఎద్దులు కదిలేవి, ఇక్కడ వెనక చెళ్లుమని వినిపించిందంటే తొందరపడ్డారని అర్థం, ఈగ తెగిపోయి ఉంటుంది. మొదటిరోజు నాకు నాలుగు ఈగలు అలాగే పోయాయి.

ఇంకోటి. చెర్నాకోల పిడి దగ్గర లావు, పోనుపోను సన్నం. ఇక్కడ కూడా లావు లైన్ చివర 9 అడుగుల నైలాన్ దారం కడతాం, అది కూడా చివరికొచ్చేసరికి వెంట్రుకలా సన్నబడుతుంది. విసురు బలమంతా అందులో మెల్లగా ఆరిపోయి, ఈగ నీళ్ల మీద చప్పుడు లేకుండా వాలుతుంది. ఆ వాలడం చూడటానికే నేను వందసార్లు విసురుతాను.

సరే, ఇంత కష్టం ఎందుకంటే, బ్రౌన్ ట్రౌట్ కోసం. ఇది యూరప్ చేప. 1900లో స్కాట్లండ్ నుంచి గుడ్లు తెచ్చి కాశ్మీర్‌లో పెంచారు, ఇప్పుడు అక్కడి వాగుల్లో గులకరాళ్ల మధ్య తామే గుడ్లు పెట్టుకుని బతుకుతున్నాయి. మన తిరుపతి దగ్గరి కళ్యాణి డ్యాంలో వదలొచ్చు కదా అని అడిగారు. వద్దండీ. నీళ్లు 20 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది, 25 దాటితే ప్రాణం మీదికొస్తుంది. గంగాబల్ 3,500 మీటర్ల పైన, హరముఖ్ కొండ మంచు కరిగిన నీళ్లు. చెయ్యి పెడితే ఎముక లాగేస్తుంది.

ఏటిలో, సరస్సులో చేప తిండి తినే తీరు వేరు. ఏటిలో పంక్తి భోజనం లాగా చేప ఒకచోట నిలబడితే నీళ్లే పురుగుల్ని వడ్డిస్తాయి. సరస్సులో నీళ్లు కదలవు కాబట్టి చేపే తిరగాలి. అందుకని మనం గాలిని చూడాలి. గడ్డి మీది పురుగుల్ని గాలి నీళ్లలోకి తోస్తుంది, అవి నురగ గీతల్లో చేరతాయి, ట్రౌట్ ఆ గీత వెంటే వస్తుంది. అద్దంలా ఉన్న నీళ్లకన్నా చిన్న అలలున్న నీళ్లు మేలు, మన నీడ, లైన్ దానికి కనబడవు. దయచేసి వెళ్లగానే మోకాలిలోతు దిగకండి, చాలాసార్లు చేప గట్టుకి పది అడుగుల్లోనే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఈగ పడ్డాక ఎడమచేత్తో లైన్‌ని కొంచెం కొంచెంగా లాగుతూ ఉండండి. చేప పట్టిందనిపిస్తే గుంజొద్దు, రాడ్ ఎత్తితే చాలు. మత్స్యశాఖ పర్మిట్ లేకుండా గాలం వేయొద్దు. చేపని వదిలేయాలనుకుంటే, కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు నొక్కేసిన గాలం వాడండి, పొడిచేత్తో ముట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోతుంది, చేతులు ముందే తడుపుకోండి. నా చేతిలోకి వచ్చింది జానెడు కూడా లేదు. గోధుమరంగు ఒళ్లు, పక్కలకి ఎర్రచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత వలయం. అరచెయ్యి నీళ్లలోనే ఉంచి పట్టుకున్నాను, మొప్పలు నాలుగైదుసార్లు ఆడాక తనే జారిపోయింది.

నేర్చుకోవడానికి కాశ్మీర్ అక్కర్లేదు. గాలం తీసేసి, చివర ఎర్ర ఉన్ని ముక్క కట్టి, ఇంటి దగ్గర గ్రౌండ్‌లో పొద్దున్నే విసరండి. గాలం లేకపోయినా కళ్లద్దాలు పెట్టుకోండి, వెనక పిల్లలెవరైనా ఉన్నారేమో ఒకసారి చూసుకోండి.