కట్ చేసి పెడితే బ్యాకప్ అవ్వదండీ

నమస్కారం. "బ్యాకప్ తీసేశాను, ఇక టెన్షన్ లేదు" అంటారు చాలామంది. ఎలా తీశారని అడిగితే, "ల్యాప్‌టాప్‌లో జాగా చాలక ఫోటోలన్నీ హార్డ్ డిస్కులోకి కట్ చేసి పెట్టాను" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నా గుండె జారిపోతుంది. ఫోటోలు ఇల్లు మారాయంతే. నిన్నా ఒకటే కాపీ, ఇవాళా ఒకటే కాపీ.

ఆవకాయ సంగతి చూడండి. ఏడాదికి సరిపడా పెట్టాక, రోజువారీకి సీసాలోకి కొంచెం తీసి, పెద్ద జాడీకి వాసెన కట్టి అటకెక్కిస్తారు. సీసాలో ఎవరో తడి గరిటె పెట్టి బూజు పట్టినా, నష్టం ఆ సీసాతో పోతుంది. జాడీని కూడా మూత తీసి గట్టు మీదే వదిలేస్తే? అదే తడి గరిటె దాంట్లోకీ వెళ్తుంది.

డ్రైవ్‌ని ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించి ఉంచితే జరిగేది అదే. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటి రాన్సమ్‌వేర్ సి డ్రైవ్‌తో ఆగదు, ఆ క్షణాన యూఎస్‌బీకి ఏది తగిలి ఉంటే దానికీ తాళం వేసేస్తుంది. కాపీ అవగానే ఎజెక్ట్ కొట్టి, వైరు తీసి, బీరువాలో పెట్టండి. వాసెన కట్టినట్టు.

[రెండు డ్రైవ్‌లు చూపిస్తూ]

ఇవి నావి. తెల్ల టేపు ముక్క అతికించి ఒకదాని మీద 'బేసి నెల', రెండోదాని మీద 'సరి నెల' అని పెన్నుతో రాశాను. నెల మొదటి ఆదివారం కొత్త కాపీ తీసింది అక్క వాళ్లింట్లో ఇచ్చి, అక్కడున్నది తెచ్చుకుంటాను. మా ఇంట్లోకి నీళ్లొచ్చినా, దొంగలు పడినా, ఒక జాడీ అక్క అటక మీద భద్రం. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఉంది: 3 కాపీలు, 2 రకాల మీడియా (ఫైళ్లు దాచే సాధనాలు), 1 ఇంటి బయట. నన్నడిగితే ఆ చివరి ఒకటే ప్రాణం.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. విండోస్‌లో తనంతట తానే కాపీలు తీసే ఫైల్ హిస్టరీ ఉంది, దాన్ని ఆన్ చేయండి. అది డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటివే తీసుకుంటుంది. మనవాళ్లు అన్నీ డి డ్రైవ్‌లో పడేస్తారు కదా, ఆ ఫోల్డర్లను మీరే కలపాలి. మ్యాక్‌లో ఇదే పనికి టైమ్ మెషీన్ ఉంది. మొదటిసారి డ్రైవ్‌ని చెరిపేయమని అడగొచ్చు, ఖాళీదే ఇవ్వండి.

ఆఖరిది, జాడీ తెరిచి రుచి చూడటం. ఆరు నెలలకోసారి ఒక పెళ్లి వీడియో, ఒక పీడీఎఫ్, ఒక ఎక్సెల్ షీటు డ్రైవ్‌లోంచి వేరే కంప్యూటర్‌లో తెరవండి. వీడియోని అప్పగింతల దాకా ఆడనివ్వండి.