మొదట తెరుచుకోవలసిన తలుపు

సభకు నమస్కారం.

రాజమహేంద్రవరంలో నిలబడి, మన పాత ఫైర్ స్టేషన్లను భూకంపానికి తట్టుకునేలా బలపరచాలని మాట్లాడుతుంటే, మనకు వచ్చేవి వరదలూ తుఫానులూ కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. రెండూ మనకు ఎగువన, ఈ గోదావరి లోయలోనే. పైగా మనకు దిగువన డెల్టాలో కాళ్లకింద ఉన్నది రాయి కాదు, నది వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రు. మెత్తని ఒండ్రు కంపనాన్ని పెంచుతుంది. నీరు నిండిన వదులు ఇసుకను గట్టిగా కుదిపితే అది కాసేపు ద్రవంలా మారి పునాదిని మోయలేకపోతుంది.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోను భూకంపం కుదిపినప్పుడు, అక్కడి అగ్నిమాపక దళాధిపతి డెనిస్ సల్లివన్, తాను నిద్రిస్తున్న ఫైర్ స్టేషన్ మీద పక్క హోటలు పొగగొట్టం కూలిపడటంతో తీవ్రంగా గాయపడి, కొద్ది రోజులకే మరణించారు. నీటి గొట్టాలు పగిలిన ఆ నగరం రోజుల తరబడి తగలబడింది. ఆర్పవలసినవారే శిథిలాల కింద ఉండిపోవడం కంటే ఘోరం మరొకటి ఉండదని నా అభిప్రాయం.

పాత ఫైర్ స్టేషన్ల బలహీనత వాటి ముఖంలోనే ఉంది. బండ్లు బయటికి రావాలి కనుక ముందువైపు గోడ ఉండదు, సన్నని పిల్లర్ల మధ్య వెడల్పాటి షట్టర్లే ఉంటాయి. వెనుక మాత్రం నిండు ఇటుక గోడ. భూమి కదిలినప్పుడు వెనుక భాగం బిగిసి నిలబడుతుంది, ముందు భాగం ఊగుతుంది, భవనం మెలితిరుగుతుంది. భవనం కూలనక్కరలేదు, పిల్లర్లు కొద్దిగా ఒరిగినా షట్టరు పట్టాలు వంకరపోయి, లోపల బండి సిద్ధంగా ఉన్నా బయటికి రాదు. భూకంపం తరువాత కూడా పనిచేయాలి కనుకనే మన భూకంప ప్రమాణం ఐఎస్ 1893, ఫైర్ స్టేషన్‌ను మామూలు ఇంటికంటే ఒకటిన్నర రెట్ల బలానికి లెక్కగట్టమంటుంది.

మరమ్మతు అంటే సున్నం వేసి, టైల్స్ పరచడం కాదు. ముందు పిల్లరు ప్లాస్టరు కొట్టి, లోపలి నిలువు చువ్వల చుట్టూ ఉండే రింగులు చూడాలి. అవి దగ్గరదగ్గరగా ఉండాలి, వాటి కొసల కొక్కేలు 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీటును పట్టుకోవాలి. ఇలా వివరంగా చెప్పిన ఐఎస్ 13920 అనే ప్రమాణం వచ్చింది 1993లో, కనుక అంతకుముందు కట్టినవాటిని తప్పక అనుమానించాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే కాకినాడ, నరసాపురం వైపు చువ్వల తుప్పును కూడా పరీక్షించాలి. ఆ తరువాతే పిల్లర్లకు కొత్త చువ్వలతో కాంక్రీటు తొడుగు వేయడం, షట్టర్ల చుట్టూ బలమైన ఉక్కు చట్రం బిగించడం. వెనుక గోడను మాత్రమే ఇంకా బలపరిస్తే మెలి పెరుగుతుందని, కాంట్రాక్టరుకు పని అప్పగించేముందే గుర్తుంచుకోవాలి.

మనకు మరో ప్రత్యేక కారణం కూడా ఉంది. 1995లో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి వారాల తరబడి మండింది. 2014లో అక్కడి నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. గ్యాస్ గొట్టాలు పారే నేల కంపిస్తే, ఆ వెంటనే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

పని జరుగుతున్నన్నాళ్లు స్టేషన్ మూతపడకూడదు. ఒక్కో షట్టరు వంతున పని చేస్తూ, ఆవరణలో తాత్కాలిక షెడ్డు వేసి బండ్లను అక్కడ నిలపవచ్చు. నిధులు చాలకపోతే మొదట షట్టర్ల చట్రం, తరువాత ఫోను ఎత్తే గది, ఆపైన మేడమీది నీళ్ల ట్యాంకు. సిబ్బంది గదుల రంగులు ఆఖరున.