అర్హత అనే గీత: స్థానిక పోలీసుల పింఛను చట్టంపై ప్రసంగం

సభకు నమస్కారం.

రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బాథెల్ పట్టణాల్లో స్థిరపడిన తెలుగువాళ్లం స్థానిక పోలీసుల పింఛను గురించి ఎందుకు మాట్లాడుకోవాలని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ పింఛనుకు చేరే చందాలో సగం ఉద్యోగి జీతం నుంచి, 30 శాతం నగరం లేదా కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి, 20 శాతం రాష్ట్ర ఖజానా నుంచి వెళ్లాలని చట్టం నిర్ణయించింది. ఆ 30లోనూ ఈ 20లోనూ మనం కట్టే పన్నులున్నాయి. కాబట్టి ఆ పింఛనుకు ఎవరు అర్హులు, ఎవరు కారు అన్నది మనమూ తెలుసుకోవలసిన సంగతే.

చట్ట అమలు అధికారులకూ అగ్నిమాపక సిబ్బందికీ కలిపి ఏర్పడిన ఈ వ్యవస్థను ఇక్కడ అందరూ 'లియాఫ్' అంటారు. దానికి సంబంధించిన చట్టం 1969లో వచ్చింది, 1970 మార్చి 1 నుంచి అమలైంది. మొదటి ప్రణాళిక చాలా ఉదారమైనది: 5 సంవత్సరాల సర్వీసు ఉంటే 50వ ఏట పూర్తి పింఛను, దానికి తోడు జీవితాంతం వైద్య ఖర్చు. ఆ భారం మోయడం కష్టమని తేలాక, 1977 అక్టోబరు 1 నుంచి చేరినవారందరినీ రెండవ ప్రణాళికలో పెట్టారు. అందులో పదవీ విరమణ వయసు మొదట 58. దాన్ని 1993లో 55కు, 2000లో 53కు తగ్గించారు. పరుగెత్తి, పెనుగులాడి, రాత్రి కాపలాలు కాసి అలసిన శరీరానికి 58 ఎక్కువని శాసనసభ రెండుసార్లు ఒప్పుకున్నదన్నమాట. నేను తర్వాత చెప్పబోయే దానికి ఆధారం ఇదే గనుక దీన్ని గుర్తుంచుకోమని కోరుతున్నాను.

ఇక అర్హత విషయం. నేరచట్టాలను అమలు చేసే అధికారంతో నియమితుడై, పూర్తికాలం, పూర్తి జీతంపై పనిచేసే వ్యక్తినే చట్టం 'చట్ట అమలు అధికారి'గా గుర్తిస్తుంది. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి), ఆయన కింది డిప్యూటీ షెరీఫ్, నగర పోలీసు, పట్టణ మార్షల్ ఇందులోకి వస్తారు. ఠాణాలో గుమస్తా పని చేసేవారు రారు. వారంలో కొన్ని గంటలే పనిచేసే రిజర్వు అధికారులు కూడా రారు. స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బందితో కలిపి వారికి వేరే ఏర్పాటు ఉంది. ఇంతవరకు గీత స్పష్టంగానే ఉంది.

చిక్కంతా కౌంటీ జైలు దగ్గర వస్తుంది. డిప్యూటీ షెరీఫ్ ఒక మనిషిని వీధిలో పట్టుకుని జైలు గుమ్మం దాకా తీసుకువస్తాడు. అక్కడ అతన్ని అప్పగించుకునేది జైలు అధికారి. మత్తులో ఉన్నా, కోపంతో ఊగిపోతున్నా, ప్రాణం తీసుకోవాలని చూస్తున్నా ఆ మనిషితో రాత్రంతా గడపవలసినది ఆయనే. కానీ వీధిలో అరెస్టు చేసే అధికారం ఆయనకు లేదు కాబట్టి లియాఫ్‌లో ఆయనకు చోటు లేదు. 2006 జూలై వరకు ఆయన సాధారణ ప్రభుత్వోద్యోగుల పథకంలోనే, 65 ఏళ్ల వయఃపరిమితితో ఉండేవాడు. 2004లో చేసిన చట్టం వల్ల, 2006 జూలై 1 నుంచి 'పీసర్స్' అనే ప్రజా భద్రతా ఉద్యోగుల వ్యవస్థ వచ్చింది. అందులో 10 సంవత్సరాల సర్వీసు ఉంటే 60వ ఏట పూర్తి పింఛను లభిస్తుంది. అది మేలే, కాదనను. కానీ 53కూ 60కీ మధ్య ఏడేళ్ల దూరం మిగిలిపోయింది.

ఆ ఏడేళ్ల ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. ఇద్దరు 28వ ఏట ఉద్యోగంలో చేరారనుకుందాం, ఒకరు డిప్యూటీగా, మరొకరు జైలు అధికారిగా. రెండు పథకాల్లోనూ మూల సూత్రం ఒకటే: ఏడాది సర్వీసుకు సగటు జీతంలో 2 శాతం. లియాఫ్‌కు 2022లో చేర్చిన అదనపు ప్రయోజనాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. 53 నిండేసరికి ఇద్దరికీ 25 ఏళ్ల సర్వీసు ఉంటుంది. డిప్యూటీ సగం జీతం పింఛనుగా తీసుకుని ఇంటికి వెళ్తాడు. జైలు అధికారి కూడా 20 ఏళ్లు దాటినందున వెళ్లవచ్చు, కానీ 60కి తక్కువైన ప్రతి ఏడాదికి 3 శాతం చొప్పున మొత్తం 21 శాతం కోత పడుతుంది. చేతికి వచ్చేది సగటు జీతంలో 39.5 శాతం. ఆ కోత బతికినంతకాలం ఉంటుంది. ఇది నాకు న్యాయంగా కనిపించడం లేదు.

గీతను కదిపితే ఖర్చు పెరుగుతుందనేవారి మాట కొట్టిపారేయదగినది కాదు. చందా రేట్లు పెరుగుతాయి, చిన్న కౌంటీలకు అది బరువే. మొదటి ప్రణాళిక నేర్పిన పాఠం కూడా మన కళ్లముందే ఉంది. అయితే ఈ గీత ఎన్నడూ కదలనిదేమీ కాదు. చేపలు, వన్యప్రాణుల శాఖ అధికారులను 2003లో లియాఫ్‌లోకి తీసుకున్నారు. ఫెడరల్ స్థాయిలో కూడా ఇదే జరిగింది. 50 ఏళ్లు నిండాక ఉద్యోగం విడిచే ప్రజా భద్రతా సిబ్బందికి, పింఛను పథకం నుంచి ముందుగా తీసుకునే సొమ్ముపై 10 శాతం అదనపు పన్నును మినహాయిస్తూ అమెరికా పార్లమెంటైన కాంగ్రెసు 2006లో చట్టం చేసింది. 2022 డిసెంబరులో అదే మినహాయింపును రాష్ట్ర, స్థానిక జైలు అధికారులకు వర్తింపజేసింది. పన్ను చట్టం ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టినప్పుడు పింఛను చట్టం ఆ పని ఎందుకు చేయకూడదు?

మన సొంత రాష్ట్రాల పరిస్థితి మరో తీరుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి పదవీ విరమణ వయసు 62. బందోబస్తులో ఎండకు నిలబడే కానిస్టేబులుకూ, ఫైళ్లు చూసే ఉద్యోగికీ అదే లెక్క. పనిని బట్టి శరీరం ఎంత అరుగుతుందన్న ప్రశ్ననైనా వేసిన వ్యవస్థ ఇక్కడిది. అందుకే ఆ ప్రశ్నకు సగం జవాబుతో ఆగిపోకూడదని నేను పట్టుబడుతున్నాను.

గొంతు వినిపించే అవకాశంలో కూడా తేడా ఉంది. 2002లో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన 'ఇనీషియేటివ్ 790' అనే ప్రతిపాదన వల్ల లియాఫ్ రెండవ ప్రణాళికకు 11 మంది సభ్యుల సొంత మండలి వచ్చింది. అందులో ముగ్గురు పోలీసు ప్రతినిధులు, ముగ్గురు అగ్నిమాపక ప్రతినిధులు. జైలు అధికారులకు అలాంటి సొంత మండలి లేదు.

రాష్ట్ర రాజధాని ఒలింపియాలో శాసనసభ ఏటా జనవరిలో సమావేశమవుతుంది. పింఛను బిల్లుల మీద అభిప్రాయం చెప్పడానికి ఇప్పుడు అక్కడి దాకా వెళ్లనక్కరలేదు, ఇంటి నుంచే పేరు నమోదు చేసుకుని మాట్లాడవచ్చు. మీ నియోజకవర్గ సభ్యులను కలిసినప్పుడు, 53 ఏళ్ల జైలు అధికారికి పడే ఆ 21 శాతం కోత లెక్కను వారి ముందు పెట్టి, జైలు అధికారుల పూర్తి పింఛను వయసును 60 నుంచి 55కు తగ్గిస్తే చందా ఎంత పెరుగుతుందో రాష్ట్ర ఆక్చువరీ (పింఛను లెక్కల నిపుణుడు) చేత లెక్క కట్టించమని అడగండి.