మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంతండీ?

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. అక్టోబర్ 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కాబట్టి నన్ను పరీక్షల ఒత్తిడి గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు మా చెల్లెలి కొడుకు సంగతి చెప్పనివ్వండి.

వాడికి ఇంటర్ సెకండియర్‌లో నిద్ర పట్టడం మానేసింది. పుస్తకం తెరిస్తే చేతులు వణికేవి. అప్పటికే ఒక సైకియాట్రిస్ట్ మందులు రాస్తున్నారు. ఎవరో చెప్పారని ‘సైకాలజిస్ట్’ అని బోర్డున్న చోటికి తీసుకెళ్లాం. గోడ మీద ఫ్రేములు కట్టిన మూడు సర్టిఫికెట్లు. సిట్టింగ్‌కు 1,500 రూపాయలు. నాలుగో సిట్టింగ్‌లో, ‘ఆ మాత్రలు ఆపేయండి, మైండ్ పవర్‌తో తగ్గిస్తాను’ అన్నాడాయన. ఆపేశాం. అవునండీ, మా చేతులతో మేమే ఆపేశాం. దసరా నాటికి పిల్లాడు కన్నతల్లిని పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

చివరికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ పేరును మన దగ్గర తిట్టుగా వాడతారు, దయచేసి మానేయండి. అక్కడ క్లినికల్ సైకాలజిస్ట్ మొదటి రోజు గంటన్నరసేపు అడుగుతూ, రాసుకుంటూ కూర్చున్నారు. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. వాడు కోలుకున్నాక, ఫోన్‌లో ఉన్న ఆ గోడ ఫొటోను మా చెల్లెలు ఆ క్లినికల్ సైకాలజిస్ట్‌కు చూపించింది. రెండు వారాల ఆన్‌లైన్ కోర్సులో ‘పాల్గొన్నందుకు’ ఇచ్చిన కాగితాలవి. పాల్గొన్నందుకు!

పత్రికల్లో సైకియాట్రిస్ట్‌నూ సైకాలజిస్ట్‌నూ కలిపి ‘మానసిక నిపుణుడు’ అని రాసేస్తారు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్‌ది వేరే చదువు. ఇన్నేళ్లుగా ఎక్కువమంది పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ చేసి, ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణ పొంది వస్తున్నారు. ఆపైన 1992 చట్టం కింద భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, పేరు నమోదు చేసుకోవాలి. ఒక నంబర్ ఇస్తారు. నమోదు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! మా దగ్గర ఒక్క సిట్టింగ్‌కే అంతకంటే ఎక్కువ తీసుకున్నారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసి, ఆ జాబితాను ప్రకటించాలి. మిగతా సైకాలజిస్టుల కోసం రాష్ట్ర మండళ్లు ఉండాలని 2021లో ఇంకో చట్టం వచ్చింది. ఇన్ని ఉన్నా, ఫిర్యాదు పట్టుకుని తిరిగితే ఒక ఆఫీసులో, ‘ఆయన డాక్టర్ కాదు కదమ్మా, మా పరిధిలోకి రాడు’ అన్నారు. అమ్మల్లారా, అయ్యల్లారా, మీరే చెప్పండి. ఆయన ఏమీ కాదనే కదా మా ఫిర్యాదు!

ఒత్తిడి గురించి చెప్పడానికి టైం మిగల్లేదు, క్షమించండి. పిల్లలూ, 14416 రాసుకోండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పెద్దలూ, ఎక్కడికి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే ‘మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంతండీ’ అని అడగండి. మొహమాటపడకండి. మేం మొహమాటపడ్డాం.

బయట బల్ల మీద అర్జీ పెట్టాను. చట్టం ప్రకటించమన్న ఆ జాబితాను తెలుగులో, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ గోడ మీద అంటించమని కలెక్టర్ గారిని అడుగుతున్నాం. పెన్ను కూడా అక్కడే ఉంది.