ఇంజిన్ ఒకటే, పేర్లు నాలుగు

శ్రోతలకు నమస్కారం.

కారు కొనే ఇంట్లో ముందుగా వినిపించే మాట ఒకటుంది. "మావయ్య వాళ్ళది ఫలానా కంపెనీ బండి. పదేళ్ళయినా చెక్కు చెదరలేదు, మనమూ అదే తీసుకుందాం." వెంటనే ఇంకొకరు అందుకుంటారు. "అమ్మో, ఆ రెండో కంపెనీది మాత్రం వద్దు. మా ఆఫీసులో ఒకాయన కొని నానా అవస్థా పడ్డాడు." ఈ రెండు మాటల మీద లక్షల రూపాయల నిర్ణయం అయిపోతుంది. అది తప్పని నేననను. వాడినవాళ్ళ మాటకు ఎప్పుడూ విలువ ఉంటుంది. కానీ ఆ మాటలో బండి వంతు ఎంత, కంపెనీ వంతు ఎంత, నడిపినవాళ్ళ వంతు ఎంత? విడదీసి చూడటానికి మన రోడ్ల మీదే ఒక మంచి ఉదాహరణ తిరుగుతోంది. ఇవాళ ఆ ఒక్కదాని గురించే చెబుతాను.

అది ఒక డీజిల్ ఇంజిన్. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. ఇటలీ కంపెనీ ఫియట్ జనరల్ మోటార్స్‌తో కలిసి తయారుచేసి, 2003లో బయటికి తెచ్చింది. మన దేశంలో 2007 జనవరిలో మారుతి తన స్విఫ్ట్‌లో పెట్టి అమ్మింది. పేరు డీడీఐఎస్. మరుసటి ఏడాది టాటా ఇండికా విస్టాలో పెట్టింది. పేరు క్వాడ్రాజెట్. 2009లో ఫియట్ లీనియా, పుంటో వచ్చాయి. పేరు మల్టీజెట్. తర్వాత షెవర్లే సెయిల్‌లో, ఎంజాయ్‌లో పెట్టారు. పేరు స్మార్ట్‌టెక్. పేర్లు నాలుగు. ఇంజిన్ ఒకటే.

మారుతివాళ్ళకు హర్యానాలోని మానేసర్‌లో తయారయ్యేది. టాటా, ఫియట్ బండ్లకు పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారయ్యేది. డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, విటారా బ్రెజ్జా, ఇండిగో మాంజా, జెస్ట్, బోల్ట్ అన్నీ దీని మీద నడిచినవే. ఎక్కువ బండ్లలో 75 హార్స్‌పవర్, కొన్నింట్లో టర్బో, అంటే ఇంజిన్లోకి గాలిని నొక్కి పంపే భాగం, మార్చి 90. పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 నిబంధనలు 2020 ఏప్రిల్‌లో అమల్లోకి రావడంతో ఇక్కడ దీని కథ ముగిసింది. కానీ బండ్లు ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. అందుకే ఈ మాటలు చెప్పడం.

ఇప్పుడు ఒక వీధి అనుకుందాం. ఒక ఇంటి ముందు స్విఫ్ట్ డీజిల్, ఎదురింటి ముందు పుంటో డీజిల్. స్విఫ్ట్ ఆయన్ని అడిగితే "మారుతి అంటే మారుతే" అంటాడు. పుంటో ఆయన్ని అడిగితే ముందు "బండి మాత్రం బంగారం" అంటాడు, తర్వాత కాస్త ఆగి "అమ్ముదామంటే కొనేవాడు లేడు" అంటాడు. బానెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ ఒకటే.

మరి తేడా ఎక్కడొచ్చింది? చాలావరకు ఇంజిన్ బయట. మారుతి సర్వీసు సెంటరు చిన్న ఊళ్ళో కూడా ఉంటుంది. ఫియట్‌కు ఆ బలం ఏనాడూ లేదు. కొన్నేళ్ళు టాటా షోరూముల్లో అమ్మారు, తర్వాత విడిపోయారు, ఆ విడిపోవడంలో నలిగింది బండి కొన్నవాళ్ళు. షెవర్లే 2017 చివరితో మన దేశంలో అమ్మకాలే ఆపేసింది. బంపరు, హెడ్‌లైటు, డోరు గ్లాసు, సెన్సరు... బండి ఆగిపోయే జబ్బు కాకపోయినా, వారాల తరబడి పార్టు కోసం ఎదురుచూస్తే ఆ మనిషి దృష్టిలో బండి చెడ్డదే. ఆయన కోపంలో న్యాయం ఉంది. మన్నిక అంటే చెడకపోవడం ఒక్కటే కాదు కదా, చెడితే ఎంత త్వరగా బాగవుతుందన్నది కూడా. ఆ లెక్కలో కంపెనీ పేరుకు విలువ ఇవ్వాల్సిందే.

కానీ ఇంజిన్ మన్నికకు కంపెనీ పేరు చూసి విలువ కట్టకండి. ఎందుకో చెబుతాను.

ఇదే ఇంజిన్ ఉన్న డిజైర్ ట్యాక్సీలు మూడు లక్షల కిలోమీటర్లు దాటినవి మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి, హెడ్, అంటే ఇంజిన్ పై భాగం, విప్పి దించకుండానే. అదే డిజైర్ ఇంట్లో వాడినది, శుభ్రంగా కవరు కప్పి ఉంచినది, డెబ్బై, ఎనభై వేలకే టైమింగ్ చైను చప్పుడుతో మెకానిక్ దగ్గరికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కంపెనీ ఒకటే, ఇంజిన్ ఒకటే. తేడా ఆయిల్లో ఉంది.

ట్యాక్సీ రోజంతా నడుస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, ఆ వేడి మీదే ఉంటుంది. నెలకు నాలుగైదు వేల కిలోమీటర్లు తిరగడంతో రెండు, మూడు నెలలకోసారి ఆయిల్ మారుతుంది. ఇంటి బండి పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి మూడు కిలోమీటర్లు, సాయంత్రం కూరగాయలకు రెండు కిలోమీటర్లు తిరుగుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆగిపోతుంది. వేడెక్కకపోతే లోపల చేరిన చెమ్మ ఆవిరైపోదు, కాలని డీజిల్ ఆయిల్లో కలుస్తుంది, మసి పేరుకుంటుంది. ఏడాదికి నాలుగు వేలే తిరిగింది కదా, పదివేలు నిండాక మారుద్దాం అని రెండేళ్ళు గడిపేస్తారు. అప్పటికి ఆ ఆయిల్ ఆయిల్ కాదు, నల్లటి జిగురు.

ఈ జిగురు ముందు దెబ్బతీసేది టైమింగ్ చైనును. కొంచెం వివరంగా చెప్పాలి. కింద పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు తిరుగుతుంటే, పైన గాలికీ పొగకూ దారి ఇచ్చే వాల్వులు సరిగ్గా ఆ లెక్కకే తెరుచుకుని మూసుకోవాలి. ఆ రెంటినీ కలిపేదే టైమింగ్. కొన్ని ఇంజిన్లలో దానికి రబ్బరు బెల్టు ఉంటుంది, ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలని మాన్యువల్లో రాసి ఉంటుంది. ఈ ఇంజిన్లో ఉన్నది చైను. చైనుకు అలాంటి గడువు చెప్పరు, అందుకని అందరూ దాని సంగతి మరిచిపోతారు. ఆ చైను వదులు కాకుండా నొక్కిపట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెషరు మీద పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా, చిక్కబడి సన్నటి దారులు పూడినా టెన్షనర్‌కు బలం చాలదు. చైను వదులై గైడులకు కొట్టుకుంటుంది, లింకులు అరిగి సాగుతుంది. ఒకరోజు పళ్ళ చక్రం మీద చైను ఒక పన్ను జారితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకు తగులుతాయి, రాకర్లు విరుగుతాయి. అప్పుడు హెడ్ దించాలి. ఆయిలు, ఫిల్టరు ఖర్చు కొన్ని వేలలో ఉంటుంది. హెడ్ దించాక ఖర్చు పదుల వేలలోకి వెళుతుంది.

ఈ ఇంజిన్‌కు ఇంకో సంగతి ఉంది. ఇందులో పట్టే ఆయిల్ తక్కువ, మూడు లీటర్ల చిల్లర. ఆరు లీటర్లు పట్టే ఇంజిన్లో అర లీటరు తగ్గితే అంతగా తెలియదు. మూడు లీటర్లలో అర లీటరు అంటే ఆరో వంతు పోయినట్టు. పైగా అదే ఆయిల్ టర్బోకూ వెళ్ళాలి. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో ఇరుసు ఆ పలచటి ఆయిల్ పొర మీదే తేలుతుంది. అందుకే హైవే మీద వేగంగా వచ్చి ఆపేటప్పుడు వెంటనే తాళం తిప్పకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచమంటారు. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది, టర్బో వేడి మాత్రం తగ్గదు. అక్కడ నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

క్లచ్ గురించి ఒక్క మాట. "ఈ బండికి క్లచ్ ప్లేటు నిలవదు" అనేది ఈ బండ్ల మీద తరచూ వినే ఫిర్యాదు. ఈ ఇంజిన్‌కు సుమారు 1800, 2000 ఆర్‌పీఎం దాటేదాకా టర్బో ఊపు అందదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, బెంజ్ సర్కిల్ దగ్గరో జానెడు జానెడు జరిగేటప్పుడు ఆ ఊపు లేని లోటును హాఫ్ క్లచ్‌తో పూడుస్తాం. ప్లేటు అక్కడ అరుగుతుంది. రెండో గేరులో ఈడ్చకుండా మొదటి గేరులోకి దించితే సగం బాధ తగ్గుతుంది.

ఇక ఇలాంటి బండి సెకండ్‌హ్యాండులో కొనేవాళ్ళకు. అన్నీ చెప్పే వ్యవధి లేదు. ఒక్క పరీక్ష చెబుతాను, అది మాత్రం వదలకండి. పొద్దున మొదటి స్టార్టు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్ళండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందురోజే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందే ఎవరో స్టార్టు చేశారన్నమాట. మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఎందుకంటే వేడెక్కిన ఇంజిన్లో చైను చప్పుడు చాలాసార్లు దాక్కుంటుంది.

చల్లగా ఉంటే సెల్ఫ్ కొట్టకముందే బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి, శుభ్రమైన బట్టతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీసి చూడండి. బండి సమానమైన నేల మీద ఉండాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. నల్లగా ఉందని భయపడొద్దు, డీజిల్ ఇంజిన్లో ఆయిల్ మార్చిన కొన్నాళ్ళకే నల్లబడుతుంది. వేలికి రాసి చూస్తే ఇసుకలా తగిలినా, తారులా సాగినా భయపడాలి. తర్వాత ఆయిల్ పోసే మూత తీసి అడుగు భాగం చూడండి. గట్టిపడిన నల్లటి పెచ్చులుంటే ఆయిల్ మార్పులు ఎగ్గొట్టారని అర్థం. తెల్లటి మీగడ లాంటిది ఉంటే లోపల చెమ్మ చేరుతోంది. పొట్టి ప్రయాణాల వల్ల కావచ్చు, హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కలవడం వల్ల కావచ్చు. కూలెంట్ డబ్బా కూడా చూశాకే తేల్చుకోవాలి.

ఇప్పుడు వేరేవాళ్ళను స్టార్ట్ చేయమని, మీరు బానెట్ దగ్గర నిలబడండి. ఏసీ, పాటలు అన్నీ ఆపించండి. మొదటి మూడు సెకన్లు ముఖ్యం. రేకు డబ్బాలో గొలుసు ఆడించినట్టు గలగల వినిపిస్తుందేమో వినండి. ఒక క్షణం వచ్చి ఆగిపోతే, ఆయిల్ ప్రెషరు అందడానికి పట్టిన సమయం అనుకోవచ్చు. రెండు, మూడు సెకన్లు దాటి సాగితే చైను, టెన్షనర్ పని ఉందనే లెక్కేసుకుని ధర మాట్లాడండి. మార్పిస్తే చైను ఒక్కటే కాకుండా టెన్షనర్, గైడులు, పళ్ళ చక్రాలతో సహా పూర్తి సెట్టు మార్పించండి. అరిగిన చక్రాల మీద కొత్త చైను వేస్తే అదీ త్వరగా అరుగుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి చూస్తారు మెకానిక్‌లు. సన్నగా ఆవిరి రావడం డీజిల్ ఇంజిన్లో మామూలే. మూతను ఎగరగొట్టేంత బలంగా పొగ తన్నుతుంటే ఇంజిన్ బోరుకొచ్చిందన్న, అంటే సిలిండర్లు అరిగిపోయాయన్న, అనుమానం ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్ల పొగతో పాటు పికప్ పడిపోతే కొంత పొగను తిరిగి ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి ఉండొచ్చు. విప్పి శుభ్రం చేస్తే చాలావరకు సరిపోతుంది. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది.

మీటరు మీద కిలోమీటర్ల అంకెను ఒక్కదాన్నే నమ్మొద్దు. ఛాసిస్ నంబరు తీసుకుని ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌లో పాత రికార్డు అడగండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మారిందో అందులో ఉంటుంది. నా దృష్టిలో ఆ ఒక్క కాగితం ముందున్న బ్యాడ్జి కంటే విలువైనది. లక్షన్నర తిరిగి, ప్రతి ఆయిల్ మార్పుకూ తేదీ ఉన్న మాంజాను, యాభై వేలే తిరిగి మధ్యలో మూడేళ్ళు ఏ రికార్డూ లేని స్విఫ్ట్‌ను పక్కపక్కన పెడితే, ఇంజిన్ వరకు నా ఓటు మాంజాకే. పార్టుల దొరుకుబాటు, తిరిగి అమ్మేటప్పుడు వచ్చే ధర మాత్రం వేరుగా లెక్కేసుకోండి. కంపెనీ పేరు పనికొచ్చేది అక్కడ.

ఇప్పటికే ఇలాంటి బండి ఉన్నవాళ్ళు చేయవలసిన పని చిన్నది. కొన్ని కంపెనీలు పదివేలకు, కొన్ని పదిహేను వేలకు ఆయిల్ మార్చమంటాయి, లేదా ఏడాదికోసారి అంటాయి. ఆ "ఏడాదికోసారి" అన్న భాగాన్ని మనవాళ్ళు చదవరు. ఏది ముందొస్తే అది. ఊళ్ళో పొట్టి ప్రయాణాలే ఎక్కువైతే ఏడు, ఎనిమిది నెలలకే మార్చేయడం మేలు. మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించండి, దానితోపాటు ఫిల్టరు కూడా. వారానికోసారైనా బండిని అరగంటకు తగ్గకుండా ఊరి బయట రోడ్డు మీద నడపండి. పదిహేను రోజులకోసారి, ఆదివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు ఒక తెల్ల స్టిక్కరు మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి. మెకానిక్ మారినా ఆ స్టిక్కరు బండితోనే ఉంటుంది.

సెలవు. నమస్కారం.