హనుమాన్ అనే రేసు కారు: గుడ్‌వుడ్‌లో పాత కార్ల పుట్టుపూర్వోత్తరాలు పట్టుకోవడం

అందరికీ నమస్కారం.

హనుమాన్ అని పేరు పెట్టుకున్న రేసు కారు ఒకటుంది. పేరు పెట్టింది మనవాళ్ళు కాదు. సయామ్, అంటే ఇప్పటి థాయిలాండ్, రాజకుటుంబానికి చెందిన బీరా అనే యువరాజు. రామకథ అక్కడా ఇంటింటి కథే కదా. 1930ల్లో ఇంగ్లండ్‌లో బోర్న్ అనే చిన్న ఊళ్ళో ఇ.ఆర్.ఏ. అనే సంస్థ ఒకటిన్నర లీటరు, ఆరు సిలిండర్లు, సూపర్‌ఛార్జర్ ఉన్న రేసు కార్లు కట్టేది. బీరా దగ్గర వాటిలో మూడుండేవి: రోములస్, రీమస్, హనుమాన్. మొదటిది ఆయన 21వ పుట్టినరోజుకి దాయాది చూలా ఇచ్చిన కానుక.

ఇ.ఆర్.ఏ. కార్ల నంబర్లు చదవడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆర్ తర్వాత వచ్చే అంకె కారు వరస సంఖ్య. చివరి అక్షరం అప్పటికి ఆ కారు ఏ రూపంలో ఉందో చెబుతుంది. హనుమాన్ మొదట ఆర్12బి. ముందు భాగం మార్చి, చక్రాలకు విడివిడి సస్పెన్షన్ పెట్టాక ఆర్12సి అయింది. 1939లో ఫ్రాన్స్‌లోని రైమ్స్‌లో ప్రాక్టీసులో దెబ్బతింటే, పాత పద్ధతిలో అడ్డ ఇరుసు, పట్టీ స్ప్రింగులు వేసి మళ్ళీ బి చేశారు. పేరు హనుమాన్-2 అయింది. ఇప్పుడు చెప్పండి, 1937 నాటి ఫోటో చేతిలో పెట్టుకుని ఆ కారు కోసం వెతికేవాడు దేన్ని వెతకాలి? ముందు ఇరుసునా, ఫ్రేమునా, ఇంజన్నా, పేరునా? ఇవాళ మాట్లాడుకోబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే.

ఇలాంటి కార్లు ఇంకా పరుగెడుతూ కనిపించే చోట్లలో గుడ్‌వుడ్ ముందు వరసలో ఉంటుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో చిచెస్టర్ ఊరి పక్కన, రెండో ప్రపంచయుద్ధంలో వెస్ట్‌హ్యాంప్‌నెట్ అనే వైమానిక స్థావరం ఉండేది. దాని చుట్టూ వేసిన రోడ్డే 1948 సెప్టెంబరు 18న రేసు ట్రాక్ అయింది. ఒక చుట్టు 3.8 కిలోమీటర్లు. నెల్లూరు దాటి మద్రాసు వెళ్ళే దారిలో షోళవరం ఉంది చూడండి, అదీ అలాంటి పాత యుద్ధకాలపు విమానాల మైదానమే, అక్కడా ఏళ్ళ తరబడి రేసులు జరిగాయి. గుడ్‌వుడ్‌లో 1966లో రేసులు ఆపేశారు. సరిగ్గా యాభై ఏళ్ళకి, 1998 సెప్టెంబరు 18న, రివైవల్ పేరుతో మళ్ళీ తెరిచారు. ఏటా సెప్టెంబరులో శుక్ర, శని, ఆదివారాలు జరుగుతుంది. 1966 దాకా అక్కడ పరుగెత్తిన తరహా కార్లకే ప్రవేశం. అదే ఎస్టేట్‌లో వేసవిలో జరిగే ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్ వేరు. అది కొండదారిపై ఒక్కో కారు ఎక్కే ప్రదర్శన, పక్కపక్కన పోటీ కాదు. టికెట్టు కొనేటప్పుడు రెండూ కలిపేసుకునేవాళ్ళు చాలామంది.

వెళ్ళడం గురించి క్లుప్తంగా. టికెట్లు ముందే కొనుక్కోవాలి. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి చిచెస్టర్‌కి రైల్లో గంటన్నర పైచిలుకు పడుతుంది. ఒక్క రోజే కుదిరితే శుక్రవారం వెళ్ళండి. ప్రాక్టీసు రోజు కాబట్టి జనం కాస్త పలచగా ఉంటారు, కార్లు బానెట్లు విప్పుకుని కూర్చుంటాయి, మెకానిక్కులకి ఇంకా మాట్లాడే ఓపిక ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళని పలకరించడం పెళ్ళి భోజనాల వేళ వంటవాణ్ణి పలకరించినట్టే. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు, చిన్న నోటుబుక్కు, మెత్తటి పెన్సిలు తప్పనిసరి. వానకి పెన్ను కదలదు, ఇంగ్లండ్‌లో వాన అడిగి రాదు.

బట్టలు 1940ల నుంచి 1966 మధ్య కాలం తరహాలో వేసుకోవడం అక్కడి ఆచారం. ప్యాడక్‌లోకి, అంటే కార్లు నిలిపి సిద్ధం చేసే ఆవరణలోకి, వెళ్ళాలంటే ఆ నియమం మరీ గట్టిగా ఉంటుంది. మగవాళ్ళకి కోటు, టై ఉండాలి. ఏ టికెట్టుకి ఎక్కడిదాకా అనుమతో కొనేముందే చదువుకోండి. మన ఆడవాళ్ళకి ఇబ్బందే లేదు. 1960ల్లో కట్టిన వెంకటగిరి చీర ఈ రోజూ ఆ కాలపు దుస్తే.

ప్యాడక్‌లో అడుగుపెట్టగానే ముక్కుకి తగిలేది ఆముదం. అలంకారానికి చెప్పడం లేదు. అప్పటి రేసు ఇంజన్లలో పోసే క్యాస్ట్రాల్ ఆర్ ఆముదంతో చేసిన నూనె. క్యాస్ట్రాల్ అనే పేరే క్యాస్టర్ ఆయిల్ నుంచి 1909లో పుట్టింది. పాలమూరు, నల్లగొండ చేలల్లో ఆముదపు గింజ కొట్టినవాళ్ళకి కొత్తగా చెప్పాల్సిందేముంది, ఆ జిడ్డు చేతిని అంత తేలిగ్గా వదలదు. ఇంజన్‌లో జరిగేదీ అదే. విపరీతమైన వేడిలోనూ నూనె పొర బేరింగుని అంటిపెట్టుకుని ఉంటుంది, పెట్రోలుకి కడుక్కుపోదు. ఇబ్బందీ ఆ జిడ్డులోనే ఉంది. వాడకుండా వదిలేస్తే లక్కలా గట్టిపడి పిస్టన్ రింగులు పట్టేస్తాయి, అందుకే ఇంజన్ వేడిగా ఉండగానే నూనె దించేస్తారు. మామూలు ఖనిజ నూనె వాడిన ఇంజన్‌లో దీన్ని కలిపితే మడ్డి కట్టి నూనె దారులు మూసుకుపోతాయి. 2024లో రివైవల్ రేసులన్నీ కనీసం 70 శాతం సుస్థిర ఇంధనంతో నడిపారు. కానీ అది ట్యాంకు సంగతి, నూనె సంగతి కాదు.

కారు స్టార్ట్ చేసే తీరు దగ్గర నిలబడి చూడాలి. చాలా రేసు ఇంజన్లకి రెండు జతల స్పార్క్ ప్లగ్గులుంటాయి. మొదట వేడి రకం ప్లగ్గులు పెట్టి ఇంజన్ని నెమ్మదిగా వేడి చేస్తారు. నీళ్ళూ నూనే తగినంత వేడెక్కేదాకా గట్టిగా రేజ్ చెయ్యరు. తర్వాత ఆపి, అవి తీసి, రేసుకి తట్టుకునే చల్లని రకం బిగిస్తారు. ఈ రెండో రకంతోనే మొదలుపెడితే మసి పట్టి రెండు మూడు సిలిండర్లు మొరాయిస్తాయి. ఇంకో చిక్కు రేడియేటరుకి ఫ్యాను లేకపోవడం. గాలి కొట్టాలంటే కారు కదలాలి. అందుకే వరసలో నిలబెట్టాక జెండా ఆలస్యమైతే డ్రైవర్లు ఇంజన్ ఆపేస్తారు, లేదంటే నీళ్ళు మరిగి పైకొస్తాయి. మిథనాల్‌తో నడిచే కార్ల దగ్గర సిగరెట్ మాటే ఎత్తకూడదు. పట్టపగలు మిథనాల్ మంట కంటికి కనపడదు.

రేసు చూడాలంటే సెయింట్ మేరీస్ వంపు దగ్గర నిలబడండి. పేరుమోసిన బ్రిటిష్ రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ వృత్తిజీవితాన్ని ముగించిన 1962 ప్రమాదం జరిగింది అక్కడే. ఆ కాలపు క్రాస్-ప్లై టైర్లు పట్టు వదిలే ముందు బాగా వంగుతాయి. కాబట్టి కారు నాలుగు చక్రాల మీదా పక్కకి జారుతూనే వంపు తిరుగుతుంది. డ్రైవరు స్టీరింగుతో కంటే యాక్సిలరేటరుతోనే ఎక్కువ తిప్పుతుంటాడు.

ఇక అసలు పని. ముందుగా అచ్చు కార్యక్రమ పుస్తకం కొనండి. రేసు నంబరు, కారు, సంవత్సరం, సీసీ అన్నీ అందులో ఉంటాయి. మీ నోటుబుక్కులో ఒక్కో కారుకి ఒక పేజీ కేటాయించండి. ప్రతి ఫోటోకి ముందు రేసు నంబరును ఒకసారి క్లిక్ చెయ్యండి, లేకపోతే రాత్రి చూసుకుంటే ఏ డ్యాష్‌బోర్డు ఏ కారుదో తెలియదు. రెండు పక్కలా, ముందు సస్పెన్షన్, వెనక ఇరుసు, లోపలి భాగం, ఇంజన్ ఎడమా కుడీ, ఛాసిస్ ప్లేటు, అంటే కారు చట్రం నంబరు ఉండే రేకు ముక్క, అన్నీ తియ్యండి. ప్లేటు ఫోటోకి యజమానినో మెకానిక్కునో అడగాలి. కారు ఒంటి మీద మాత్రం ఆనుకోవద్దు. ఆ అల్యూమినియం రేకు బాగా పలచన, మోచేత్తో నొక్కితే సొట్ట పడుతుంది.

ప్లేటు ఫోటో దొరికిందని సంబరపడకండి. రేసు కారులో అన్నిటికంటే తేలిగ్గా మారేది అదే. ఎందుకు మారిందో తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. 1950లు, 60ల్లో బ్రిటిష్ జట్లు యూరప్ రేసులకి వెళ్ళేటప్పుడు కస్టమ్స్‌కి కార్నే అనే కాగితం చూపాలి. అందులో ఛాసిస్, ఇంజన్ నంబర్లు రాసి ఉంటాయి. కారు దెబ్బతిని ఇంకోటి తీసుకెళ్ళాల్సివస్తే కొత్త కాగితం కోసం ఎవరు ఆగుతారు? పాత ప్లేటు విప్పి కొత్త కారుకి తగిలించేవారు. అలా ఒకే నంబరు రెండు మూడు ఛాసిస్‌ల మీద తిరిగింది. అందులో మోసం ఉద్దేశం లేదు, తొందర ఉంది. చిక్కంతా అరవై ఏళ్ళ తర్వాత ఆ నంబరు కోట్ల విలువ చెయ్యడంతో వచ్చింది.

జాగ్వార్ డి-టైప్ అనే రేసు కారుది ఇంకో రకం తలనొప్పి. 1955లో వచ్చిన వాటిలో ముందు ట్యూబుల ఫ్రేము, వెనక రేకు పెట్టె బోల్టులతో కలిసి ఉంటాయి. అంటే విప్పితే రెండు ముక్కలు. ఒక ముక్క ఒకరికీ రెండోది ఇంకొకరికీ అమ్ముడుపోతే, ఇద్దరూ చెరోసగం కొత్తగా చేయించుకుని తమదే అసలైనదని అనగలరు. ఇద్దరి మాటా సగం నిజమే మరి!

కాబట్టి లోహాన్ని చదవాలి. నంబరు చేత్తో పంచి కొట్టినదైతే అంకెలు ఒకే లోతున ఉండవు, వరస కొంచెం వంకర పోతుంది. అచ్చుగుద్దినట్టు ఉంటే అనుమానించండి. అంకెల చుట్టూ రాపిడి గీతలుంటే, రంగు కింద పల్లంగా ఉంటే, పాతవి అరగదీసి కొత్తవి కొట్టి ఉంటారు. బ్రిటిష్ ఫ్రేముల్లో చాలావాటికి ట్యూబులు కలిసేచోట ఇత్తడి రంగులో బ్రేజింగ్ అతుకు ఉంటుంది. ఆ వరసలో ఒక్కచోట చిల్లర నాణేలు పేర్చినట్టు సన్నగా నున్నగా ఉన్న టిగ్ వెల్డింగ్ కనిపిస్తే ఆ ట్యూబు ఈమధ్య మార్చినది. బ్రిటిష్ కారులో మెట్రిక్ బోల్టు కూడా అంతే. ఇవేవీ కారుని అబద్ధం చెయ్యవు, రేసు కారు బాగుచెయ్యకుండా బతకదు. ఎంత మిగిలిందో, ఎప్పుడు మారిందో చెబుతాయంతే.

ఇంటికి వచ్చాక పాత ఫోటోల పని. మొత్తం ఆకారం చూడకండి, అది ఎవరైనా అచ్చం అలాగే చేయగలరు. బానెట్ మీద గాలి చీలికలు లెక్కపెట్టండి, రివెట్ల మధ్య దూరం పోల్చండి, పెట్రోలు మూత ఎటుందో, అద్దం ఏ స్క్రూ మీద నిలబడిందో చూడండి. చేత్తో చేసిన కార్లు కవలల్లా ఉన్నా వేలిముద్రలు వేరు. ఫోటో తేదీ రేసు ఫలితాలతో సరిపోవాలి, ఫలితం ఆ ఏటి ప్రవేశాల జాబితాతో, ఆ జాబితా పాత రిజిస్ట్రేషన్ పుస్తకంలోని యజమానుల వరసతో సరిపోవాలి. ఎక్కడైనా నాలుగైదేళ్ళ ఖాళీ వస్తే అక్కడ ఆగండి. కథలు దూరేది ఆ సందుల్లోంచే.

ఒక హెచ్చరిక. యజమాని గర్వంగా చూపించే, ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్.ఐ.ఏ. ఇచ్చే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్టు కారు చరిత్రకి సాక్ష్యం కాదు. ఈ కారు ఫలానా కాలపు సాంకేతిక నిబంధనలకి తగినట్టుంది అని మాత్రమే అది చెబుతుంది. 1962 నుంచి 1965 దాకా ఎఫ్ కాలం, దాని ముందు 1961 చివరిదాకా ఇ కాలం, ఇలా. నిన్న కట్టిన నకలుకీ ఆ కాగితం రావచ్చు.

మరి కారులో పాత ముక్క దాదాపు ఏమీ మిగలకపోతే? ఈ ప్రశ్న 1990లో లండన్‌లో కోర్టుకే ఎక్కింది. ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లోనూ 1930లోనూ వరసగా రెండుసార్లు లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. 1932లో 8 లీటర్ల ఇంజన్‌తో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో దిగినప్పుడు ప్రమాదంలో డ్రైవరు క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. తర్వాత దాన్ని మూత ఉన్న కూపేగా మళ్ళీ కట్టారు. దశాబ్దాల తర్వాత ఒక కోటి పౌండ్లకి బేరం కుదిరింది. కొనే సంస్థ, లె మాన్స్ గెలిచిన కారు ఇది కాదని వెనక్కి తగ్గింది. న్యాయమూర్తి ఒట్టన్, మొదటిది, ప్రామాణికం లాంటి మాటల అర్థాల్ని ఓపిగ్గా విడదీశాడు. ఇన్ని మార్పులు జరిగాక ఇది మొదటి రోజు కారు అనలేం అన్నాడు. కానీ కారు ఒక్క ముక్కగా, మధ్యలో తెగకుండా బతుకుతూ మారింది. ఆ పేరుకి ఇంకో హక్కుదారు కారు లేదు. కాబట్టి ఇదే ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అని, అమ్మినవాడి పక్షాన తీర్పిచ్చాడు.

ఈ తీర్పు గీటురాయి పట్టుకుని హనుమాన్ దగ్గరికి తిరిగి వెళ్ళండి. ముందు ఇరుసు మారింది నిజమే. కానీ 1936 నుంచి యజమానుల గొలుసు తెగిందా? తీసేసిన సి రకం భాగాలు ఎటు వెళ్ళాయి? వాటి చుట్టూ ఇంకో కారు నిలబడిందా? రివైవల్‌లో గుడ్‌వుడ్ ట్రోఫీ రేసులో ఇ.ఆర్.ఏ.లు దిగుతాయి. మీ పెన్సిలు చెక్కుకుని, శుక్రవారం ఉదయం వాటి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ముందు సస్పెన్షన్ ఏ రకమో చూడటంతో మొదలుపెట్టండి.